తొమ్మిదో గొలుసు

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో అందరూ అతన్ని షక్కు అహరోను అనేవాళ్లు. షక్కు అంటే అనుమానం. పెళ్లాం మీద అనుమానపడే మగాళ్లను మనం చూశాం, గట్టు జరిపాడేమోనని పక్క పొలంవాడి మీద అనుమానపడేవాళ్లనూ చూశాం. అహరోనుది ఆ జాతి కాదు. అతని అనుమానమంతా గొలుసుల మీద, ఆ గొలుసుల చివర వేలాడే కొక్కేల మీద.

అతను ఖలాసీ. బరువులెత్తి దించే పనివాళ్లను ఫ్యాక్టరీల్లో అలా పిలుస్తారు. నాలుగు టన్నుల యంత్రాన్ని లారీ మీంచి లేపి, దాని బోల్టు రంధ్రాలు నేలలోని బోల్టుల మీద సరిగ్గా కూర్చునేలా దించాలి. ఇది కండలున్నవాళ్ల పని అని బయటివాళ్లు అనుకుంటారు. కండలు క్రేనుకుంటే చాలు. ఖలాసీకి ఉండాల్సింది భయం, అది అహరోనుకు దండిగా ఉండేది. పొద్దున డ్యూటీ ఎక్కగానే గొలుసుల దగ్గర కూర్చునేవాడు. ఒక్కో లింకునూ వేళ్లతో తడిమేవాడు, చిన్న సుత్తితో కొట్టి వినేవాడు, గాట్లు పెట్టిన వెదురు పుల్లతో పదకొండు లింకుల పొడవు కొలిచి సాగిందో లేదో చూసేవాడు. కొక్కెం నోరు ఎంత తెరుచుకుందో వేలు దూర్చి చూసుకునేవాడు. ఇదంతా అయ్యాక మళ్లీ మొదటి గొలుసు దగ్గరికి పోయి, ఇందాక సరిగ్గా చూశానా అని ఇంకోసారి చూసేవాడు. జనం నవ్వక ఏం చేస్తారు?

అతనిది కొల్లూరు. తండ్రి మోటబొక్కెనలు కుట్టేవాడు, మోకులు పేనేవాడు. మోకు తెగేముందు పోగులు లేస్తాయి, కిర్రుమంటుంది, వాసన కూడా మారుతుందని తండ్రి చెప్పేవాడు. అరవై నాలుగులో రామచంద్రాపురంలో పెద్ద కార్ఖానా కడుతుంటే అహరోను కూలికి పోయాడు. అక్కడ మలబారు నుంచి వచ్చిన మొయిదీన్ అనే ముసలి ఖలాసీ అతన్ని చేరదీశాడు. "రస్సీ బోల్తా హై బేటా. చైన్ నై బోల్తా," అన్నాడు మొదటిరోజే. తాడు చెప్పి తెగుతుంది, గొలుసు చెప్పదు. ఆ ఒక్క మాటతో అహరోను నిద్ర జీవితాంతం చెడింది.

మొయిదీన్ చెప్పినవన్నీ అతనికి కంఠతా వచ్చు. బరువెంతో తెలియకుండా గొలుసు తియ్యకు. పొడుగెక్కువైందని ముడెయ్యకు, మెలి పడితే విప్పకుండా లేపకు. ఇనుప అంచు మీద గొలుసు వంగేచోట గోనెసంచి మడిచి పెట్టు. కొక్కెం కొస మీద బరువు వెయ్యకు, గుంతలోకి పూర్తిగా దిగనియ్యి. ఒకే రింగు నుంచి రెండు పాయలుగా దిగే రెండు కాళ్ల గొలుసు వేసినప్పుడు ఆ కాళ్లు మరీ చాపుకుంటే ఒక్కో కాలి మీద బరువు సగం కాదు, మొత్తం పడుతుంది, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. ఆ చివరి మాట అహరోనుకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర పని చేసేటప్పుడు, పొట్టి గొలుసును అడ్డంగా లాగి కట్టిన బాయిలరు డ్రమ్ము అతని కళ్లముందే ఒక బీహారు ఖలాసీ నడుము మీద పడింది. ఆ మనిషికి అరిచే వ్యవధి కూడా దొరకలేదు. ఆ రోజుతో అర్థమైంది.

డెబ్బై రెండులో పటాన్‌చెరులో ఈ ఫ్యాక్టరీ పెట్టినప్పుడు ఖలాసీల ముఠాకు అతన్ని పెద్దగా పెట్టారు. ముఠాలో వెలిమెల అంజయ్య అతనికి కుడిభుజం. అంజయ్యకు ఊళ్లో ఐదెకరాలుంది, బావి ఉంది, కరెంటు మోటరుంది. అయినా నెలజీతం రుచి మరిగి ఫ్యాక్టరీకి వచ్చేవాడు. రోజూ సైకిల్ మీద కొల్లూరు దాకా వచ్చి అహరోను ఇంటిముందు బెల్లు కొట్టేవాడు, అక్కణ్నుంచి ఇద్దరూ కలిసి పోయేవాళ్లు. అహరోను భార్య దయావతి రొట్టెలు చేస్తే రెండు అంజయ్య టిఫినులోకి పోయేవి. బరువు గాల్లోకి లేచినప్పుడు దాని పక్కనే నడుస్తూ, చెయ్యి ఆనించి తిరగకుండా పట్టుకునేది అంజయ్యే. అందుకే గొలుసు తడిమినప్పుడల్లా అహరోనుకు అంజయ్య నెత్తి కనబడేది.

డెబ్బై ఐదు దసరాకు పది రోజుల ముందు ఆరో నంబరు గొలుసు మీద అతనికి అనుమానం వచ్చింది. సుత్తితో కొడితే గణగణమనాల్సిన లింకు రేకు డబ్బాలా మోగింది. కిరసనాయిల్లో నానబెట్టి, గుడ్డతో తుడిచి, పైన సుద్దపొడి రాశాడు. కాసేపటికి కొక్కెం నుంచి మూడో లింకు మీద, తెల్లటి సుద్దలో, వెంట్రుకంత నల్లగీత తేలింది. లోపల దాగిన కిరసనాయిలు పగులు గుండా బయటికి వచ్చిందన్నమాట. వెంటనే ఆ గొలుసును స్టాకు రిజిస్టరులో కొట్టేయించాడు. దానికి ఎర్ర గుడ్డపేలిక కట్టి, తొమ్మిది మేకుల్లో చివరి మేకుకు తగిలించాడు.

ఇక్కడే తప్పు చేశాడు. పగిలిన గొలుసును తగిలించకూడదు. అక్కడికక్కడే గ్యాసుతో ముక్కలు చేసి పాత ఇనుములో పారెయ్యాలి. ఈ మాట పదిమందికి నేర్పినవాడు అతనే. మరి ఎందుకు కొయ్యలేదంటే, కొల్లూరు చర్చికి కొత్త గంట వచ్చింది. దాన్ని వేలాడదియ్యడానికి గట్టి గొలుసు కావాలని సంఘపెద్దలు అడిగారు. గంట మణుగున్నర కూడా ఉండదు, ఆ పగిలిన లింకు దాకా తీసేస్తే మిగతాది నూరేళ్లుంటుంది, పండగ వెళ్లాక ఇంజనీరును అడిగి తీసుకుపోదామనుకున్నాడు. ఈ సంగతి అంజయ్యకూ, గేటు దగ్గరి వాచ్‌మన్ లింగానికీ తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎర్ర పేలిక ఉండగా ఆ గొలుసును ఎవడు ముడతాడులే అని ధైర్యం. జీవితంలో అతను ధైర్యపడ్డది ఆ ఒక్కసారే, అదీ తప్పు చోట.

పండగకు రెండు రోజులు సెలవు పెట్టి దయావతితో సంగారెడ్డిలో అత్తగారింటికి పోయాడు. దసరా మర్నాడు తిరిగొచ్చి డ్యూటీకి బయల్దేరితే ఇంటిముందు బెల్లు మోగలేదు. ఫ్యాక్టరీ యజమాని సేటు వస్తాడని ఆయుధపూజను ఆరోజుకు జరిపారు, ఆ పని మీద ముందే పోయాడనుకుని ఒక్కడే తొక్కుకుంటూ పోయాడు.

షెడ్డులోకి అడుగుపెట్టగానే గొలుసుల గోడవైపు చూశాడు. మేకులన్నీ ఖాళీ. గొలుసులన్నీ దుర్గమ్మ పటం ముందు కుప్పగా పోసి ఉన్నాయి. తలనుంచి కొక్కెం దాకా వెండిరంగు పూసి, పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండలు చుట్టారు. కొత్త పెళ్లికొడుకుల్లా మెరిసిపోతున్నాయి. నంబరు బిళ్లల్లేవు, పేలిక లేదు. పటం పక్కనే అంజయ్య మామిడాకులు కడుతున్నాడు.

"గీ రంగెవలేసిండ్రు?" అన్నాడు అహరోను.

"మేమే అన్న. సేటు బొంబాయి నుంచి వస్తుండు గద. అన్నీ తళతళ మెరవాలని సారు చెప్పిండు. ఎండి లెక్క మెరుస్తలేవా?"

"ఎర్ర పేలిక కట్టిన గొలుసేది?"

అంజయ్య మామిడాకు ఒకటి జారవిడిచి, వంగి తీసుకున్నాడు. "బిళ్లలు, పేలికలు అన్నీ ఇప్పేసి రంగేసిండ్రన్న. ఇగ అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయ్."

అహరోను కుప్ప మీదికి వంగి చెయ్యి చాపాడు. అంజయ్య గబుక్కున లేచి అడ్డం వచ్చాడు.

"ముట్టకన్న! పూజ మీదున్నయ్. పంతులు కదిలిచ్చేదాంక ఎవ్వలు ముట్టొద్దు."

ఎవ్వలు అనే అన్నాడు. కానీ చెయ్యి అడ్డం పెట్టింది అహరోనుకు. అహరోను తాతను ఊరిబావి గట్టెక్కనివ్వని రోజులు కొల్లూరు ముసలివాళ్లకు ఇంకా గుర్తున్నాయి. అంజయ్య మూడేళ్లుగా తన ఇంటి రొట్టె తింటున్నవాడు. అతని నోట ఈ మాట వచ్చేసరికి అహరోనుకు ప్రాణం చివుక్కుమంది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బాధ ఒక పక్క, భయం ఇంకో పక్క. తొమ్మిదిన్నరకు ముహూర్తం. బొంబాయి నుంచి వచ్చిన నాలుగు టన్నుల ప్రెస్సు యంత్రం లారీ మీద కూర్చుని ఉంది. పూజచేసిన గొలుసులతో దాన్ని లేపి పునాది మీద పెట్టాలి, సేటు కొబ్బరికాయ కొట్టాలి. కుప్పలోంచి రెండు గొలుసులు తీస్తారు. ఆ రెంటిలో పగిలింది ఉండొచ్చు, ఉండకపోవచ్చు. రంగు కింద ఆ నల్లగీత ఎవడికి కనబడుతుంది? పుల్లతో కొలిచినా దొరకదు, ఆ గొలుసు సాగలేదు, పగిలింది.

ఇంజనీరు నరసింహమూర్తిది బందరు. మంచివాడే, కానీ సేటు వచ్చినరోజు ఎవరూ మంచివాళ్లుగా ఉండలేరు. ఆయన తెల్లచొక్కా ముడతలు సర్దుకుంటూ ఉండగా అహరోను దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"సార్, గొలుసులొద్దు. సంగారెడ్డి రోడ్డు కంపెనీల దొడ్డు ఇనుపతాడు, వైరురోప్ ఉన్నది, అడిగి తెస్త. దాంతోని లేపుదం."

"ఏవిటయ్యా, పొద్దున్నే మొదలెట్టావా నీ అనుమానాలు? గొలుసులకి పూజ చేసి తాడుతో ఎత్తుతామా? సేటుగారి ముందు నా పరువు తియ్యకు."

"గది గాదు సార్..."

"మరేవిటి?"

చెప్పాలంటే రెండు మాటలు చెప్పాలి. కుప్పలో పగిలిన గొలుసుందన్నది మొదటిది. దాన్ని కొయ్యకుండా దాచింది నేనే అన్నది రెండోది. రెండోది చెప్పకుండా మొదటిది చెప్పలేడు. తనను పర్మినెంటు చేసే కాగితం నరసింహమూర్తి సొరుగులో సంతకం కోసం ఉందని అతనికి తెలుసు. ఆరోజే, అంతమంది ముందు, దసరా పూజలో, చర్చిగంట కోసం గొలుసు దాచానని చెప్పాలి. "ఏం లేదు సార్," అన్నాడు. అనగానే తన మీద తనకే అసహ్యం వేసింది.

తొమ్మిదిన్నర కానే అయింది. పంతులు మంత్రం చదివి కుప్ప కదిలించాడు. పై రెండు గొలుసులు తీసి క్రేను కొక్కేనికి రింగులు తగిలించారు, నాలుగు కాళ్లూ ప్రెస్సుకు కట్టారు. సేటు చప్పట్లు కొట్టాడు. అంజయ్య తలకు తువ్వాల చుట్టుకుని వచ్చి, ప్రెస్సు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. క్రేను గుర్రుమంది. గొలుసులు బిగుసుకున్నాయి. లింకులు ఒకదాన్నొకటి ఒరుసుకున్న చోటల్లా వెండిరంగు పొట్టు రాలి అంజయ్య భుజాల మీద పడుతోంది. ప్రెస్సు జానెడు లేచింది.

"బంద్!"

ఆ కేక తనదేనని అహరోనుకు ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు. లేపమని సైగ చెయ్యాల్సింది ఒక్కడే, ఆపమని ఎవడరిచినా క్రేను ఆగాలి. అది మొయిదీన్ నాటి కట్టుబాటు. క్రేను ఆగింది, ప్రెస్సు దిగింది. మంగళవాద్యం సగంలో తెగింది. ముహూర్తం పూట బరువు కిందికి దిగడమేమిటని ఆడవాళ్లు గుసగుసలాడారు.

అప్పుడు అహరోను అంతా చెప్పాడు. పగులు, పేలిక, గంట, తన పాడుబుద్ధి, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ నరసింహమూర్తి ముఖం ఎర్రబడుతూ పోయింది. చివరికి ఒకటే అన్నాడు, "అయితే తీసి చూపించు."

కిరసనాయిలు డబ్బాలు తెచ్చారు. పసుపు, కుంకుమ, వెండిరంగు, పూలు అన్నీ కడిగేస్తుంటే చూసేవాళ్లకు కడుపు రగిలింది. అహరోను కూర్చుని ఒక్కో గొలుసూ నానబెట్టి, తుడిచి, సుద్ద రాసి, ఎదురుచూశాడు. మొదటిదాంట్లో ఏమీ లేదు. రెండోదాంట్లో లేదు. అంతవరకు పగిలింది దొరుకుతుందేమోనని భయపడ్డవాడికి ఇప్పుడు దొరకదేమోనని భయం పట్టుకుంది. ఐదో గొలుసును రెండుసార్లు తుడిచి, రెండుసార్లు సుద్ద రాశాడు. దేవా, కనబడనియ్యి, అని మొక్కుకున్నాడు. పగులు కనబడాలని దేవుణ్ని వేడుకున్న ఖలాసీ లోకంలో ఇతనొక్కడే అయుంటాడు. ఎనిమిదోదాంట్లోనూ లేదు. నేల మీద గొలుసులైపోయాయి.

"ఇంకోటి ఉండాలె సార్."

నరసింహమూర్తి రిజిస్టరు తెప్పించాడు. "ఇందులో ఎన్నున్నాయి? ఎనిమిది. ఇక్కడెన్నున్నాయి? ఎనిమిది. తొమ్మిదోది నువ్వే కొట్టేయించావు కదా, ఇంకెక్కణ్నుంచి వస్తుందయ్యా?"

నిజమే. నిజాయితీగా కొట్టేయించిన పద్దే ఇప్పుడు అతన్ని అబద్ధాలకోరును చేసింది. "తొమ్మిదోదెక్కడ పోయింది?" అని అందరి ముఖాలూ చూశాడు. అంజయ్య నేలచూపులు చూస్తూ చేతులు తుడుచుకుంటున్నాడు, ఎంతసేపైనా ఆ తుడుచుకోవడం అయిపోదు. వెనకనుంచి ఎవడో అన్నాడు, "మన పూజ సల్లగుంటే వీనికి ఓర్వలే. గంట కోసం గొలుసు దాసుకున్నోని మాటిని ముహూర్తం చెడగొట్టుకున్నం."

పన్నెండింటికి అవే గొలుసులతో ప్రెస్సు లేచింది, చెక్కుచెదరకుండా పునాది మీద కూర్చుంది. అహరోనును జనానికి అడ్డంగా కట్టిన తాడు అవతల నిలబెట్టారు. తర్వాత నరసింహమూర్తి పిలిచి, "ఇంటికి పోవయ్యా. రేపు మెమో తీసుకుందువుగాని," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అది మరీ కష్టమనిపించింది.

సైకిల్ తోసుకుంటూ గేటు దాకా వచ్చాడు. అవమానం కంటే తొమ్మిదోది ఎక్కడుందన్న ప్రశ్నే అతన్ని తొలుస్తోంది. పోయింది పోనీ అనుకోవడానికి అతని ఒంట్లో ఆ గుణం లేదు. ఎక్కడో ఎవడో దానికి ఏదో కట్టి లేపుతూ ఉంటాడు, దాని కింద ఎవడో ఒకడు నిలబడి ఉంటాడు.

"ఏంది అహరోన్, గంట కట్టిండ్రా?" అన్నాడు వాచ్‌మన్ లింగం, లోపల జరిగిన గొడవ ఇంకా చెవిన పడనట్టుంది.

"ఏ గంట?"

"అరే, మొన్న పండుగ ముందటిరోజు అంజయ్య గోనెసంచిల గొలుసేసుకొని పోయిండు గద. అహరోనన్న ఇమ్మన్నడు, సర్చికి ఇయ్యాలన్నడు. నీ పేరు జెప్పినంక నేను ఆపుతనా?"

అహరోను సైకిల్ హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాడు. "అంజయ్య యాడున్నడు?"

"గిప్పుడే పాయె, ఆఫ్ డే లీవు పెట్టి. ముసురుకు బాయిల నీళ్లు లేసినయట, మోటరు మునుగుతదట. ఎడ్లు గట్టి పైకి గుంజాలన్నడు."

అంతే. అహరోను ఎప్పుడు సైకిలెక్కాడో లింగం చూడలేదు.

పటాన్‌చెరు నుంచి కొల్లూరు, అక్కణ్నుంచి వెలిమెల. ముసురుకు తడిసిన నల్లమట్టి దారి, చక్రానికి అంటుకుని కదలనియ్యదు. దిగి పుల్లతో గీరడం, మళ్లీ ఎక్కడం. కోపం రావాల్సిందే, వచ్చింది కూడా. నా పేరు చెప్పి ఎత్తుకుపోయాడు. పొద్దున నేను అందరి ముందు మట్టి కరుస్తుంటే నోరు మెదపలేదు. పైగా ముట్టకన్నాడు. కోపం కొల్లూరు దాకా నిలిచింది. కొల్లూరులో తన ఇంటిముందు నుంచే పోయాడు, వాకిట్లో ఉన్న దయావతి "గిటు దిగవా?" అని పిలిచినా ఆగలేదు. ఊరు దాటాక కోపానికి చోటు లేదు, మూడో లింకు ఒక్కటే కళ్లముందు ఆడుతోంది. మోటరు మణుగులు ఎన్ని? ఎడ్లు ఒక్క ఊపున గుంజితే ఎంత బరువు పడుతుంది? వాడు తిన్నగా తీస్తాడా, గోడకు ఒరిపిస్తాడా? కొక్కెం దగ్గరి లింకు పైన పడిందా, కింద పడిందా?

బావి కనబడేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పాతమోట దారి మీద జత ఎడ్లు మెడలు వంచి, తాడు బిగలాగి నిలబడి ఉన్నాయి. వాటి ముందు అంజయ్య పెళ్లాం రాజవ్వ ములుకోల పట్టుకుని ఉంది.

"ఏమాయె చెల్లె?"

"మోటరు బండకింద ఇరికిందన్నా. గాయన గడ్డపారతోని జరుపుతుండు. గాయన హో అంటె నేను ఎడ్లను తోలాలె."

"గుంజకు. ఎనకకు కూడ రానియ్యకు. గట్లనే పట్టుకో తల్లీ, నీకు దండం పెడ్త."

గట్టు మీదికి పోయి తొంగిచూశాడు. గిలక మీంచి దిగిన తాడు, దాని కొసకు గొలుసు, గొలుసుకు ఎర్ర పేలిక. దాన్ని విప్పనైనా విప్పలేదు. గోడలోంచి పొడుచుకొచ్చిన బండకింద మోటరు మూల ఇరుక్కుని, గొలుసు తీగలా బిగిసి ఉంది. సరిగ్గా దాని కింద, మోటరు దిమ్మె మీద, మోకాటిలోతు నీళ్లలో అంజయ్య.

అరవబోయి నోరు మూసుకున్నాడు అహరోను. కేక వింటే ఎడ్లు బెదురుతాయి. అవి అడుగు ముందుకేసినా, వెనక్కేసినా ఆ లింకు ఆగదు. గొంతు తగ్గించి, పెళ్లిపిలుపుకు వచ్చినవాడిలా పిలిచాడు.

"తమ్మీ, అంజయ్యా. జెర పైకి రా. నీతోని మాట్లాడేదుంది."

అంజయ్య తలెత్తాడు. అహరోనును చూశాడు, ఎర్ర పేలికను చూశాడు. గడ్డపార చేతిలోంచి జారి నీళ్లలో పడింది. రెండు చేతులూ జోడించాడు, అక్కడే, ఆ బరువు కిందే.

"తప్పాయెనన్న. గీ మోటరు కోసం తెచ్చిన, గింత బరువుకు ఏం తెగుతదనుకున్న, రేపు తెచ్చి పెడ్దమనుకున్న. పొద్దుగాల నువ్వడిగితే నోరు రాలే. ముట్టొద్దన్నది పూజ కోసం గాదన్న. ముడితే లెక్కపెడ్తవు, ఒకటి తక్కువున్నదని దొరుకుతదని. నా నౌకరి పోతదని భయమాయె."

"సరే తమ్మీ. పైకొచ్చి చెప్పు."

"ఎట్ల రావాలె నీ ముంగటికి? నిన్ను గంతమంది తిడుతుంటే ఇన్న. ఏ మొకం పెట్టుకొని రావాలె?" అంజయ్య ఏడుస్తున్నాడు. భుజాలు ఎగిసిపడుతున్నాయి. ఏడ్చేవాడు కదలడు.

"నాకు కోపం లేదు తమ్మీ. దేవుని తోడు."

"కోపం లేదంటవేందన్న! గట్లంటె ఇంక సిగ్గయితది నాకు." అంటూ గోడకు తల ఆనించుకున్నాడు.

పైన ఎద్దొకటి కాలు మార్చింది. తాడు సన్నగా వణికింది, ఆ వణుకు గొలుసులోకి దిగడం అహరోను కళ్లారా చూశాడు. తాడు కిర్రుమంది. గొలుసు ఏమీ అనలేదు. మంచిమాటకు ఈ మనిషి రాడని అతనికప్పుడు తట్టింది. పదకొండేళ్ల ఖలాసీ బతుకులో ఎవర్నీ అరేయ్ అనని మనిషి, గట్టు మీద మోకాళ్లూని, పళ్ల బిగువున, గొంతు పెంచకుండా, నోటికొచ్చిందల్లా తిట్టడం మొదలుపెట్టాడు.

"దొంగ లంగా కొడుకా! నా పేరు జెప్పి ఎత్తుకొస్తవా? నా ఇంటి రొట్టె తిని నన్ను ముట్టొద్దంటవా? సిగ్గు శరం ఉంటె పైకి రా. నీ చెంపలు పగలగొట్టంది నేను పోను. రా, మొగోనివైతె రా!"

అది పని చేసింది. తన్నులు తింటే తప్ప తన పాపం తీరదనుకున్నాడేమో, అంజయ్య కళ్లు తుడుచుకుని దిమ్మె దిగి మెట్లెక్కసాగాడు. ఒకటి, రెండు, మూడు. అహరోను తిట్లు ఆపలేదు, ఆపితే మళ్లీ ఆగిపోతాడని భయం. తిట్టిన తిట్లే మళ్లీ తిట్టాడు. ఆరో మెట్టు మీదికి రాగానే వంగి రెక్క పట్టుకుని గట్టు మీదికి ఈడ్చాడు. అంజయ్య కొట్టమన్నట్టు చెంప చూపించి కళ్లు మూసుకున్నాడు.

అహరోను చెయ్యి లేవలేదు. వెనక టప్పుమని చిన్న చప్పుడైంది, చింతకాయ విరిచినంత. మోటరు బండకింది నుంచి జారి, దిమ్మె మీద పడి, దాని అంచు పగలగొట్టుకుని నీళ్లలోకి పోయింది. తాడు కొస గాల్లోకి లేచి గిలకను చరిచింది. ఎడ్లు ముందుకు తూలి మోకాళ్ల మీద పడ్డాయి.

నీళ్లు గోడకు కొట్టుకుని కొట్టుకుని ఎప్పటికో సద్దుమణిగాయి. దిమ్మె మీద అంజయ్య ఇందాక నిలబడ్డ చోట సగం రాయే మిగిలింది.

రాజవ్వ ఎడ్లను లేపి పరుగెత్తుకొచ్చి బావిలోకి చూసింది. నీళ్లు తప్ప ఏమీ లేదు. ఒక్కసారిగా అహరోను మీదికి తిరిగింది.

"ఏం కండ్లయ్యా నీయి? రెండేండ్లు కష్టపడి కొన్న మోటరు! ఎడ్లు గుంజుతుంటే ఆపుమంటివి, నిమ్మలంగ పని చేసుకునేటోన్ని తిట్టి తిట్టి పైకి తెస్తివి. నువ్వు రాకుంటె ఈ పాటికి మోటరు గట్టు మీదుంటుండె. ఫ్యాక్టరీల సాలలేదా నీ షక్కు, మా బాయికాడికి గూడ తెస్తివా?"

"ఏయ్, ఆయననేమనకే. రేపు పొద్దుగాల నేనే పోయి సారుకు..." అంజయ్యకు పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, మాట పూర్తి కాలేదు. రాజవ్వ వినిపించుకోనూ లేదు. ఆమెకు పోయింది కనబడుతోంది, మిగిలింది ఇంకా కనబడలేదు.

అహరోను బురదలోనే చతికిలబడ్డాడు. ఆమె తిడుతున్నంతసేపూ అతను అంజయ్య కాళ్లవైపే చూస్తూ కూర్చున్నాడు. మోకాళ్ల దాకా నాచు, వేళ్లసందుల్లో బురద, చలికి వణుకు. రెండు కాళ్లూ ఉన్నాయి.

"తిట్టు చెల్లె," అన్నాడు చివరికి, "తిట్టు, ఇంకా తిట్టు."